చిత్రిక పట్టిన దారి

ఆదోని... ఎమ్మిగనూరు... మంత్రాలయం. కర్నూలు జిల్లా పడమటి కొసన ఉన్న మూడు ఊళ్లు. రాఘవేంద్రస్వామి దర్శనానికి వెళ్లేవాళ్లు బస్సు కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ, కునుకు తీస్తూ దాటేసే దారి ఇది. అదే దారిని ఓ వడ్రంగి కళ్లతో చూస్తే మాత్రం తమాషాగా ఉంటుంది. ఆదోని దగ్గర బండి ఇరుసంత మందంగా ఉన్న కర్ర ఎమ్మిగనూరు వచ్చేసరికి నున్నబడుతుంది. మంత్రాలయం చేరేసరికి పలచబడి, పాటై పలుకుతుంది!

చేవ ఉంటేనే చేలోకి

ఆదోని పేరు చెబితే పత్తి గుర్తొస్తుంది. రాష్ట్రంలోని పెద్ద పత్తి మార్కెట్లలో ఒకటి ఇక్కడే ఉంది. ఊరి చుట్టూ నల్లరేగడి. వానకు తడిస్తే కాలిని వదలదు, ఎండితే రాయిలా బిగుస్తుంది. ఆ నేలలో నడవాల్సిన గొర్రుకీ, గుంటకకీ గట్టి కర్ర కావాలి. అందుకే మెట్ట సీమ రైతు నల్లతుమ్మను నమ్ముకున్నాడు. చెట్టు ముదిరి చేవ తేలాక కొట్టి, ఆరబెట్టి, బాడిసతో చెక్కితే నాగలికీ, బండి చక్రానికీ పనికొచ్చేది. ఇక్కడ నునుపుతో పనిలేదు. కర్రను పలచన చేయడమంటే బలం తీసేయడమే!

ట్రాక్టర్లు వచ్చాయి. బండ్లకు రబ్బరు టైర్లు వచ్చాయి. బాడిసకు పని తగ్గింది.

నూలు ఊరుకోదు

ఆదోని నుంచి ఎమ్మిగనూరు గంటలోపు ప్రయాణం. ఇది మగ్గాల ఊరు. మాచాని సోమప్ప 1938లో ఇక్కడ చేనేత సహకార సంఘాన్ని నిలబెట్టారు. నేతన్నలకు ఆయన చేసిన సేవకు 1954లో పద్మశ్రీ అందుకున్నారు. ఎమ్మిగనూరు దుప్పట్లు, తువాళ్లకు పేరొచ్చింది ఆ సంఘం వల్లే.

మగ్గం దాదాపుగా కర్రసామానే. పడుగు పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడె, బట్ట చుట్టుకునే దూలం... వీటిలో ఎక్కడ చిన్న పేడు లేచినా నూలు పోగు చిక్కుకుంటుంది, తెగుతుంది. నేతగాడి రోజు కూలి ఆ ఒక్క పోగు దగ్గర ఆగిపోతుంది. కాబట్టి ఇక్కడి కర్రకు బాడిస చాలదు. చిత్రిక పట్టాల్సిందే.

చిత్రిక పట్టడానికీ ఓ వాటం ఉంది. కర్రలోని పీచు ఎటు వాలి ఉందో చూసి, అటే తోయాలి. పీచుకు ఎదురుగా తోస్తే కత్తి కర్రను కోయదు, పెళ్లలుగా ఊడబెరుకుతుంది. గట్టి కర్రలో, అందునా పీచు మెలికలు తిరిగిన చోట, ఎటు తోసినా ఇబ్బందే. మెత్తని కర్రలో గరుకు కాగితంతో సరిపెట్టుకోవచ్చు. గట్టి కర్రలో లేచిన పెళ్ల గుంటలా మిగిలిపోతుంది.

స్వామివారి వీణ

ఎమ్మిగనూరు దాటి తుంగభద్ర ఒడ్డుకు చేరితే మంత్రాలయం. పాత పేరు మంచాల. ఈ గ్రామాన్ని రాఘవేంద్రస్వామికి ఇచ్చింది ఆదోని నేలిన సిద్ది మసూద్ ఖాన్. స్వామి 1671లో ఇక్కడే బృందావన ప్రవేశం చేశారు. ఇంతవరకూ భక్తులందరికీ తెలిసిందే. ఆయన వీణ వాయించేవారన్న సంగతి మాత్రం చాలామంది మరిచిపోతుంటారు.

పూర్వాశ్రమంలో ఆయన పేరు వేంకటనాథుడు. వాళ్లది వీణ వంశం. ముత్తాత కృష్ణభట్టు శ్రీకృష్ణదేవరాయలకు వీణ నేర్పారని మఠ సంప్రదాయం చెబుతుంది. వేంకటనాథుడు 1621లో సన్యాసం తీసుకున్నది తంజావూరులో. అప్పుడు అక్కడ రాజు రఘునాథ నాయకుడు. ఇప్పుడు మనం చూస్తున్న 24 మెట్ల వీణకు ఆ రూపం స్థిరపడింది ఆయన కాలంలోనేనని సంగీత చరిత్రకారులు చెబుతారు. స్వామి జీవితం, వీణ చరిత్ర అలా ఒకే ఊళ్లో, ఒకే కాలంలో కలిశాయి.

పలచబడితేనే పలుకు

వీణలు తయారయ్యేది మంత్రాలయంలో కాదు. తెలుగునాట ఆ పేరు బొబ్బిలిది. పక్కనే ఉన్న గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలు తరాలుగా ఇదే పని చేస్తున్నాయి. పనస దుంగ తెచ్చి కుండ, దండి అన్నీ ఒకే కర్రలో తొలుస్తారు. అదే ఏకాండి వీణ.

పనస గట్టి కర్ర. కుండ గోడలు మందంగా వదిలేస్తే తీగ మీటినా కర్ర కదలదు, నాదం మూగబోతుంది. మరీ పలచన చేస్తే తీగల బిగువుకు పలక కుంగుతుంది, డొల్ల మోత వస్తుంది. ఈ రెంటికీ నడుమ ఎక్కడ ఆగాలి? వాద్యాలు చేసేవాళ్లు ఎక్కడైనా ఒకటే చేస్తారు... వేలితో తట్టి వింటారు. కొంచెం తీసి మళ్లీ తడతారు. గిటారు పై పలకైతే రెండున్నర, మూడు మిల్లీమీటర్లు. అక్కడ అర మిల్లీమీటరు తేడా వచ్చినా గొంతు మారిపోతుంది.

డ్రిల్లింగ్ మిషన్‌కు చిత్రిక

అంత సన్నని పలకను చేతి చిత్రికతో సమానంగా తీయాలంటే ఓపిక కావాలి. థిక్‌నెసర్ మిషన్ ఉంటే సులువే కానీ చిన్న దుకాణానికి అది భారం. పైగా పొట్టి ముక్కల్ని అందులో పెట్టడం ప్రమాదం. పాశ్చాత్య దేశాల్లో గిటార్లు చేసేవాళ్లు దీనికో చిన్న ఉపాయం పట్టారు. స్టాండుకు బిగించిన డ్రిల్లింగ్ మిషన్‌లో బరమా తీసేసి, మూడు కత్తులున్న గుండ్రటి బిళ్ల బిగిస్తారు. వాగ్నర్ సేఫ్-టి-ప్లేనర్ పేరుతో పేరుబడిన పరికరం ఇదే.

బిళ్ల తిరుగుతుంటే కర్రను దాని కిందుగా బల్లమీద తోస్తారు. బిళ్లకీ బల్లకీ మధ్య సందు ఎంతో, కర్ర మందం అంతే మిగులుతుంది. కత్తులు పీచును పైకి లేపకుండా అడ్డంగా కోసుకుపోతాయి కాబట్టి మెలిక పీచున్న గట్టి కర్రలోనూ పెళ్లలు తక్కువ. మిగిలే సన్నని వలయాల గీతలు గరుకు కాగితంతో పోతాయి.

అయితే షరతులున్నాయి. బల్ల బిళ్లకు సరిగ్గా సమాంతరంగా ఉండాలి. మిషన్ వేగంగా తిరగాలి. గట్టి కర్రలో ఒక్కో విడతకు మిల్లీమీటరుకు మించి ఆశపడకూడదు. డ్రిల్లింగ్ మిషన్ చేసింది కిందికి నొక్కడానికే. పక్క ఒత్తిడి ఎక్కువైతే చక్ ఊడే ప్రమాదం ఉంది. కర్రను వెనక అడ్డుపట్టీకి ఆనించి, కత్తులు తిరిగే దిశకు ఎదురుగానే తోయాలి. చివర తోయడానికి చెయ్యి కాదు, పుల్ల వాడాలి. కళ్లద్దాలు తప్పనిసరి.

గొర్లూ గుంటకలూ తగ్గి, మరమగ్గాలు పెరిగి ఈ సీమ వడ్రంగికి పని పలచబడింది. మిగిలింది తలుపులూ కిటికీలే. వాటిలోనూ రెడీమేడ్ పోటీ. చెక్కపెట్టె మూత, చిడతల జత, తంబుర పలక... సన్నని పనికి ఇప్పటికీ గిరాకీ ఉన్నచోట ఇలాంటి చిన్న పరికరం ఒక బతుకుదారి కావచ్చు. మందం సమానం చేసే చాకిరీ మిషన్‌ది. ఎక్కడ ఆపాలో చెప్పాల్సింది మాత్రం తట్టి వినే చెవే. ఆ చెవి ఒక తరం నుంచి మరో తరానికి అందాలంటే పక్కన కూర్చుని నేర్చుకునే పిల్లలుండాలి.

ఎలా వెళ్లాలి?

గుంతకల్లు-రాయచూరు రైలు మార్గంలో మంత్రాలయం రోడ్ స్టేషన్‌లో దిగాలి. అక్కణ్నుంచి క్షేత్రం సుమారు 15 కిలోమీటర్లు. ఆదోనిలో దిగి ఎమ్మిగనూరు మీదుగా బస్సులోనూ వెళ్లొచ్చు. శ్రావణ మాసంలో బహుళ పాడ్యమి నుంచి మూడు రోజులు జరిగే ఆరాధనలకు జనం పోటెత్తుతారు. తీరిగ్గా చూడాలనుకుంటే మిగతా రోజుల్లో వెళ్లడం మేలు.