గాజుతొట్టె నేర్పిన పాఠం

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ మేడమ్ గారు అడిగినప్పుడు ఏం రాయాలా అని రెండు రోజులు ఆలోచించాను. చదువు గురించి, క్రమశిక్షణ గురించి మీకు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. అందుకని నేను మా ఇంట్లో కిటికీ పక్కనున్న చేపల తొట్టె గురించి చెబుతాను. ఎం.ఎస్సీ. జువాలజీ దాకా వచ్చినా, నాకు ఆ సబ్జెక్టు నిజంగా అర్థమైంది ఆ తొట్టె దగ్గరే. నేను చేసిన ఒక తప్పు తెలిసొచ్చింది కూడా అక్కడే.

మాది కొల్లేరు అంచున, కైకలూరు వైపు ఒక పల్లె. ఊరి చుట్టూ చేపల చెరువులే. మా నాన్న ఆ చెరువుల మీద కూలి. చిల్లులు పొడిచిన సంచుల్లో తవుడు, చెక్క నింపి నీళ్ళలో కర్రలకు వేలాడగడతాడు. పట్టుబడి ఉన్న రోజు అర్ధరాత్రి దాటాక లేచి వెళ్ళి వల లాగుతాడు. బొచ్చెలు, శీలావతులు ఐసులో సర్ది లారీకి ఎక్కించేసరికి తెల్లారిపోతుంది. ఆ లారీలు కలకత్తా, అస్సాం దాకా పోతాయి. మా ఇంట్లో చేపంటే కూలి డబ్బు, లేకపోతే కూర. చూసుకోవడానికి కూడా చేపల్ని పెంచుతారని మాకు పెద్దగా తెలియదు.

2021 వేసవిలో కరోనా రెండోసారి వచ్చి హాస్టళ్ళు మూసేస్తే ఇంటికి వచ్చాను. అప్పుడు డిగ్రీ చదువుతున్నాను. ఒకరోజు నాన్న సైకిలు వెనక గోనెసంచి చుట్టిన గాజుతొట్టె కట్టుకుని తెచ్చాడు. చెరువు ఆసామి ఇంట్లో పిల్లలు కొన్నాళ్ళు ఆడుకుని మూల పడేశారట. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. నిండా పోస్తే సుమారు 50 లీటర్లు పడుతుంది. "నువ్వు చదివేది జంతువుల చదువే కదమ్మా, పనికొస్తుందేమోనని అడిగి తెచ్చాను" అన్నాడు.

దుకాణాలు తెరిచాక ఏలూరు వెళ్ళి ఆరు గప్పీలు కొన్నాను. చిటికెన వేలిలో సగం కూడా లేని చేపలు. మగవాటి తోకలు రంగురంగుల విసనకర్రల్లా ఉంటాయి. తొట్టెను తళతళలాడేలా కడిగి, కుళాయి నీళ్ళు నింపి, కవరు విప్పి ఒక్కసారిగా వదిలేశాను. మర్నాటికి రెండు, మూడోరోజుకు మొత్తం పోయాయి. పంచాయతీ నీళ్ళలో కలిపే బ్లీచింగు వాటికి విషమని తర్వాత తెలుసుకున్నాను. రెండోసారి నీళ్ళు బకెట్లలో పట్టి రాత్రంతా నిలవుంచి పోశాను. ఈసారి ప్రేమ ఎక్కువై పూటపూటకీ మేత వేశాను. నీళ్ళు చూడ్డానికి అద్దంలా ఉన్నాయి. అయినా వారం తిరక్కుండానే అవి కూడా పైకి తేలి, నోళ్ళు తెరిచి, ఒక్కొక్కటే చచ్చిపోయాయి. బియస్సీ జువాలజీ చదువుతూ పన్నెండు చేపల్ని చంపుకున్నానని ఏడుపొచ్చింది.

నాన్న తొట్టె పక్కన గొంతుక్కూర్చుని చూశాడు. "కొత్త చెరువులో నీళ్ళు పెట్టిన రోజే ఎవరైనా పిల్ల వదులుతారా? ముందు ఎండగట్టాలి, సున్నం చల్లాలి, పేడ వెయ్యాలి. నీళ్ళు పెట్టి రంగు తిరిగేదాకా ఆగాలి. నీరు పండాలమ్మా. పండని నీళ్ళలో చేప నిలవదు" అన్నాడు.

ఆ రాత్రి పుస్తకం తీసి చూస్తే నత్రజని వలయం అన్న పాఠం కనిపించింది. పరీక్షలో బొమ్మ గీసి పూర్తి మార్కులు తెచ్చుకున్న పాఠమే. చేప విసర్జించేదీ, తినగా మిగిలి కుళ్ళిపోయేదీ అమ్మోనియా అవుతుంది. దాన్ని ఒక రకం బాక్టీరియా నైట్రైటుగా మారుస్తుంది. ఇంకో రకం ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. మొదటి రెండూ చేపకు విషాలు. మూడోది కొంతవరకూ ఫరవాలేదు, మొక్కలు దాన్ని ఎరువుగా తీసుకుంటాయి. ఈ బాక్టీరియా ఇసుకనూ, ఫిల్టరు స్పాంజినీ పట్టుకుని తగినంత పెరగడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అమ్మోనియాకు రంగు లేదు కాబట్టి నీళ్ళు అద్దంలా ఉన్నా అందులో విషం ఉండొచ్చు. నేను బొమ్మ గీసి వదిలేసిన పాఠాన్ని మా నాన్న "నీరు పండాలి" అని రెండు మాటల్లో చెప్పాడు.

ఈసారి ఆయన చెప్పినట్టే చేశాను. కడిగిన ఇసుక పరిచి, కాలువ నాచు నాలుగు కాడలు గుచ్చి, చిన్న గాలి మోటారుకు స్పాంజి ఫిల్టరు తగిలించాను. చేపల్లేని తొట్టెలో బాక్టీరియా కోసం రోజూ చిటికెడు మేత వేస్తుంటే మా అమ్మ నవ్వేది, "ఎవరికే ఆ నైవేద్యం?" అని. ఐదు వారాలు ఆగాను. ఆ తర్వాత తెచ్చిన చేపల కవరును తొట్టెలో ఇరవై నిమిషాలు తేలనిచ్చి, గ్లాసుడు గ్లాసుడు తొట్టె నీళ్ళు కవర్లో కలిపి, అప్పుడు వదిలాను. రెండు నిమిషాల్లో తినేసేంత మేతే వేశాను. నీళ్ళన్నీ ఒక్కసారి మార్చకుండా వారానికి పావు వంతు మార్చాను. ఒక్క చేప చావలేదు.

గప్పీలు గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. సుమారు నాలుగు వారాలకోసారి ఈనతాయి. కన్న తల్లే పిల్లల్ని తినేస్తుంది కాబట్టి నాచు దట్టంగా ఉండాలి, అవి అందులో దాక్కుంటాయి. ఒకసారి మగచేపలు రెండూ పోయి ఆడవే మిగిలాయి. మూడు నెలలు గడిచాక కూడా ఒకటి ఈనింది. "మొగుడు పోయి మూణ్ణెల్లయితే ఇదేం విడ్డూరమే!" అని అమ్మ బుగ్గలు నొక్కుకుంది. ఆడ గప్పీ మగచేప వీర్యాన్ని నెలల తరబడి ఒంట్లో దాచుకోగలదని నేను చెబితే వీధిలో ఆడవాళ్ళంతా వచ్చి చూసి వెళ్ళారు. పిల్లలు ఎక్కువైతే అడిగినవాళ్ళకు ఇచ్చాను. కాలువల్లో మాత్రం వదల్లేదు. మీరూ వదలకండి. అవి మన నేల చేపలు కావు, వదిలితే మన చిన్న చేపల తిండికి పోటీ వస్తాయి.

తర్వాత జీబ్రా చేపలు తెచ్చాను. ఒంటి మీద నీలం చారలుండే, ఒకటిన్నర అంగుళం చేప. ఇది మన దేశపు చేపే. హామిల్టన్ అనే ఆయన 1822లో గంగానది చేపల మీద రాసిన పుస్తకంలో దీన్ని వర్ణించాడు. 1981లో అమెరికాలో స్ట్రైసింగర్ అనే శాస్త్రవేత్త దీని మీద చేసిన ప్రయోగాలు ప్రచురించాక ప్రపంచమంతా ప్రయోగశాలల్లోకి వెళ్ళింది. దీని గుండెలో జఠరికను ఐదో వంతు కోసేసినా రెండు నెలల్లో మళ్ళీ పెరుగుతుందని 2002లో కనుక్కున్నారు. మనిషి జన్యువుల్లో సుమారు 70 శాతానికి సాటి జన్యువులు దీనిలో ఉన్నాయని 2013లో తేలింది. మన హైదరాబాదు సీసీఎంబీలో కూడా వీటి మీద పరిశోధనలు చేస్తారు. అలాంటి చేప మా పెంకుటింటి కిటికీలో ఉందంటే నాకు గర్వంగా ఉండేది.

ఇక నా తప్పు సంగతి. పీజీలో చేరిన మొదటి రోజు పరిచయాల్లో "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అని అడిగారు. నోటికి "ఆక్వా రంగంలో ఉన్నారు" అని వచ్చేసింది. అందరూ మాకు చెరువులున్నాయి అనుకున్నారు. నేను కాదనలేదు. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు ఒక స్నేహితురాలు ఫోన్ చేసి, "మీ చెరువులు చూడ్డానికి ఎప్పుడు రమ్మంటావు?" అంది. "నాన్న బిజినెస్ పనిలో తీరిక లేకుండా ఉన్నారు, తర్వాత చూద్దాం" అన్నాను. ఫోన్ పెట్టేసి తిరిగి చూస్తే నాన్న అక్కడే ఉన్నాడు. తొట్టె అద్దానికి పట్టిన పాకుడు గుడ్డతో తుడుస్తున్నాడు. ఏమీ అనలేదు. తుడవడం అయ్యాక గుడ్డ పిండి ఆరేసి పడుకున్నాడు.

ఆ సాయంత్రమే నేను వేరే చిన్న తొట్టెలో అడుగంతా గోళీలు పరిచి, రెండు మగ, ఒక ఆడ జీబ్రా చేపల్ని వేసి ఉంచాను. ఇవి తెల్లవారి వెలుతురు రాగానే గుడ్లు వదులుతాయి. గుడ్లు గోళీల సందుల్లోకి జారకపోతే పెట్టినవే తినేస్తాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున ఎప్పుడో కన్నంటుకుంది. "అమ్మా, లే. గుడ్లు పెడుతున్నాయి, చేపల్ని తీసెయ్యి" అని నాన్నే లేపాడు. ఆయనకు వేకువన లేచి నీళ్ళు చూడటం అలవాటు. రాత్రంతా నీళ్ళలో ఉన్నవన్నీ ప్రాణవాయువును వాడుకుంటాయి కాబట్టి తెల్లవారేముందు అది బాగా తగ్గిపోతుంది. చెరువులో చేప తల పైకెత్తేది అప్పుడే. మా నాన్న ఇరవై ఏళ్ళుగా ఆ వేళప్పుడు చెరువు గట్టున నిలబడి చూస్తున్నాడు.

చేపల్ని తీసేసి, గోళీలు ఎత్తితే అడుగున వందకు పైగా గుడ్లు. ఒక్కోటి ఆవగింజ కన్నా చిన్నది, గాజుపూసలా అవతలికి కనిపిస్తుంది. తెల్లబడి చెడిపోయినవి ఏరేశాను. రెండోనాడు పొద్దున ఒక గుడ్డును వాచ్‌గ్లాసులో పెట్టి హ్యాండ్ లెన్సుతో చూస్తే లోపల చుట్టుకున్న పిల్ల, దాని గుండె టకటకా కొట్టుకుంటోంది. లెన్సు నాన్న చేతికిచ్చాను. వల తాళ్ళు లాగి లాగి కాయలు కాసిన ఆ వేళ్ళకు లెన్సు నిలవలేదు, నేనే పట్టుకున్నాను. చాలాసేపు చూశాడు. "టన్నులు టన్నులు పట్టానమ్మా. ఇది ఎప్పుడూ చూళ్ళేదు" అన్నాడు. ఆ మాటకు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

సెలవులయ్యాక క్లాసులో నా సెమినార్ వచ్చింది. అంశం చేపల తొట్టెల్లో అమ్మోనియా. మొదటి వాక్యం ఇలా మొదలుపెట్టాను: "మా నాన్న కొల్లేరు దగ్గర చేపల చెరువు కూలీ. ఈ పాఠం నాకు మొదట చెప్పింది ఆయనే." గొంతు వణికింది గానీ ఆగలేదు. ఎవరూ నవ్వలేదు. ప్రశ్నలు మాత్రం చాలా అడిగారు, అందులో సగం చెరువుల గురించే. ఆ స్నేహితురాలు తర్వాత మా ఊరు వచ్చి, గట్టు మీద నాన్న పక్కన నిలబడి మేత సంచులు కట్టడం చూసి వెళ్ళింది. సెమినార్ సంగతి ఆ రాత్రే ఫోన్లో నాన్నకు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తొట్టెలో నీళ్ళు తగ్గితే పోశాను. నిలవుంచిన నీళ్ళే" అన్నాడు.

చెల్లెళ్ళూ, ఆరో తరగతిలో నేను ఈ హాస్టల్‌కు ట్రంకుపెట్టెతో వచ్చి వారం రోజులు అన్నం సరిగా తినలేదు. కొత్త నీళ్ళలో పడ్డ చేపలాగే ఉన్నాను. ఒక పెద్దక్క రోజూ నా కంచం పక్కన కూర్చుని కబుర్లు చెప్పేది. ఇప్పుడు మీలో పెద్దవాళ్ళు కొత్తగా వచ్చే చిన్నవాళ్ళ పక్కన అలా కూర్చోండి. వాళ్ళు కుదురుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది, తొందరపెట్టకండి. అలాగే మీ అమ్మానాన్నలు చేసే పని ఏదైనా, ఎవరైనా అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. వాళ్ళ పని గురించి వాళ్ళనే అడిగి తెలుసుకోండి. మీ పుస్తకంలో ఏదో ఒక పాఠం వాళ్ళకు ముందే తెలిసి ఉంటుంది.