ఎదిగిన బిడ్డలతో ఓడప్రయాణము

పసిబిడ్డలతో ప్రయాణము కష్టమని అందఱు నందురు. పదుమూడేండ్లు దాటిన బిడ్డలతో ప్రయాణము అంతకంటె కష్టమని అనుభవము గల తల్లు లెఱుగుదురు. పసివాడు ఏడ్చినచో ఎత్తుకొని ఊరడింపవచ్చును. పదునాఱేండ్లవాడు మాటలాడక మొగము త్రిప్పుకొని కూర్చుండినచో వాని నేమి చేయగలము? పెద్దలు చూడదలచినది వానికి రుచింపదు. వానికి రుచించునది పెద్దల కర్థము గాదు. అట్టి యీడు బిడ్డలు గల సంసారములకు ఓడప్రయాణము మిక్కిలి యనుకూలమని మా యభిప్రాయము. ఏలయన, ఓడ యొక చిన్న యూరు. అందెవరి వీథికి వారు పోవచ్చును గాని, ఊరు దాటి యెవ్వరును పోజాలరు. బిడ్డలకు స్వేచ్ఛయు, తల్లిదండ్రులకు నిద్రయు ఒక్కచోట లభించుట అరుదు గదా!

మేము అమెరికా దేశపు వాయవ్య తీరమున సియాటిల్ నగరమునకు సమీపమున నివసించుచున్నాము. మాకు 16 ఏండ్ల కుమారుడును, 13 ఏండ్ల కుమార్తెయు కలరు. కోనసీమనుండి మా అత్తగారు ఒక వేసవికి మా యింటికి వచ్చిరి. ఆమె వయస్సు 74 సంవత్సరములు. మరుసటి యేట కుమారుడు కళాశాల చదువునకై ఇల్లు విడువవలసియుండెను. అత్తగారికి మరల అంత దూరము విమానములో వచ్చు నోపిక యుండునో లేదో చెప్పజాలము. మూడు తరములవారము ఒక్క కప్పు క్రింద గడపు వేసవి ఇక నిదియే కావచ్చునని తలచి, అలాస్కాకు ఏడు దినముల యోడయాత్ర చేయ నిశ్చయించితిమి.

యాత్రకు పోవుట మాత్రమే మా నిర్ణయము. ఏర్పాటులలో సగము బిడ్డలకు విడిచితిమి. ఏ రేవునుండి ఏ యోడలో పోవలయునో విచారించి చెప్పుట కుమారుని పని. ఓడ నిలుచు ఒక్కొక్క యూర ఏమి చూడవలయునో, మేము నిర్ణయించిన సొమ్ములో ఏర్పఱచుట కుమార్తె పని. అత్తగారు భోజనపు సంగతి చూచుటకు ఒప్పుకొనిరి. తాను గూడ చేయి పెట్టిన పనిని చెడగొట్టుటకు ఏ బిడ్డకును మనసు రాదు. రెండేండ్లుగా గది తలుపు మూసికొని కూర్చుండు మా కుఱ్ఱవాడు, కాగితములు చేత బట్టుకొని వంటయింటిలోనికి వచ్చి మాతో వాదించుట మొదలిడెను. యాత్రకు నాలుగు నెలలు ముందే మాకు గలిగిన లాభ మిది.

అలాస్కా యోడలు మే నెలనుండి సెప్టెంబరు వఱకు విరివిగా తిరుగును. కెనడాలోని వాంకూవరునుండి బయలుదేరు నోడలు ద్వీపముల చాటున శాంతమైన నీటిపై పోవును. సియాటిల్ నుండి పోవునవి సాధారణముగా వాంకూవరు ద్వీపమునకు వెలుపల, మహాసముద్రముపై పోవును గాన కొంత యూపు తప్పదు. మాకు సియాటిల్ దగ్గఱ. విమానపు ఖర్చు లేదు. కావున ఊపున కోర్చుకొనుటకే సమ్మతించితిమి. ఓడ నడుమభాగమున, క్రింది యంతస్తులందు ఊపు తక్కువ యని కుమారుడు చెప్పగా, గదులచ్చటనే తీసికొంటిమి. నలుగురు పరుండు గదులు ఓడలో కొద్దిగనే యుండును. అవి ముందుగా అమ్ముడుపోవును. మేము ఎదురెదురుగా రెండు గదులు తీసికొంటిమి. ఒకదానిలో మేము, రెండవదానిలో అత్తగారితో బిడ్డలు.

ఇచ్చట మన దేశమునుండి వచ్చిన పెద్దలు గల కుటుంబములు ముఖ్యముగా గమనింపవలసిన సంగతి యొకటి కలదు. అన్యదేశపు పతాకముతో నడచు నోడ అమెరికా రేవునుండి బయలుదేరి మరల అమెరికా రేవునకే చేరునపుడు, నడుమ నొక విదేశపు రేవున తప్పక ఆగవలెనని 1886 నాటి శాసనము విధించుచున్నది. పెద్ద యోడలు దాదాపుగా అన్నియు అన్యదేశపు పతాకము గలవే. అందుచేత సియాటిల్ ఓడలు తిరుగుప్రయాణమున కెనడాలోని విక్టోరియా యందు ఒక సాయంకాలమైనను ఆగును. ఆ కొన్ని గంటలకై భారతదేశపు పాస్‌పోర్టు గలవారికి కెనడా వీసా కావలెను. మరల అమెరికాలో దిగుటకు తగిన వీసాయు ఉండవలెను. ఇవి లేనివారిని ఓడ యెక్కనీయరు. మా కుమారుడు మొదటి వారముననే ఈ సంగతి కనిపెట్టుటచే, అత్తగారి వీసాకు నాలుగు నెలలు ముందుగా దరఖాస్తు పెట్టితిమి.

భోజనమునకు లోటు లేదు. ముందుగా వ్రాసి కోరినచో శాకాహారము, భారతీయ శాకాహారము కూడ వండి పెట్టుదురు. ఇంట వండిన పదార్థములను సాధారణముగా ఓడలోనికి తేనీయరు. అత్తగారు ఆవకాయ జాడీకై కొంత చింతించిరి గాని, అన్నమును పెరుగును ప్రతిపూటయు దొరకునని తెలిసి శాంతించిరి. ఖర్చుల విషయమున గృహిణు లెఱుగవలసిన దేమన, టిక్కెట్టు వెల మొత్తము వెల కాదు. పరిచారకుల బహుమానము దినమునకు తల కింతయని బిడ్డలకు కూడ కట్టవలెను. ఒడ్డున చూచు వేడుకలకును, ఓడలోని అంతర్జాలమునకును వేఱుగా సొమ్మీయవలెను. అంతర్జాలమును ఒక్క సెల్‌ఫోనుకు మాత్రమే కొని, అన్నచెల్లెండ్రు రాత్రి భోజనమునకు ముందు చెఱియొక గంట వాడుకొనునట్లు ఒప్పందము చేసితిమి. ఆ యొప్పందపు షరతులను వ్రాసినవారును వారే.

ఓడలో 13 మొదలు 17 ఏండ్ల వఱకు గల బాలబాలికలకు ప్రత్యేకముగా నొక శాల కలదు. ఆటలు, సంగీతము, సమవయస్కుల స్నేహము—ఇవి వారిని పగలెల్ల ఆకర్షించును. దానిని నిషేధించుట తగదు. హద్దు లేక విడుచుటయు తగదు. మేము నాలుగు నియమములు పెట్టితిమి. రాత్రి భోజనము అందఱము కలసియే చేయవలెను. పదునొకండు గంటలకు గదికి చేరవలెను. ఇతరుల గదులలోనికి పోరాదు, ఇతరులను మన గదిలోనికి పిలువరాదు. రేవున దిగినపుడు ఎవ్వరును ఒంటరిగా పోరాదు. ఓడ బయలుదేరుటకు గంట ముందే తిరిగి రావలెను. ఓడ యెవరికొఱకును ఆగదు. ఈ నియమములు అన్నకును చెల్లెలికిని సమానమే. ఆడుబిడ్డకు ముందుగా చీకటిపడునా యని మా అమ్మాయి యడిగినచో చెప్పుటకు మా యొద్ద సమాధానము లేదు. అట్టి ప్రశ్నకు చోటీయకుండుటయే న్యాయము.

ఐదవ నియమమును ఓడయే విధించును. బయలుదేరకమున్నే ప్రయాణికులందఱు ఆపద్వేళ చేరవలసిన చోటును తెలిసికొనవలెను. 1912 లో టైటానిక్ మునిగిన పిమ్మట, 1914 లో కొన్ని దేశములు కూడి ప్రాణరక్షణకై నిబంధనలు చేసికొనెను. 2012 జనవరిలో ఇటలీ తీరమున కోస్టా కంకార్డియా యనునోడ రాతికి తగిలి యొరిగి 32 మంది మరణించిరి. అప్పటికి కొందఱు ప్రయాణికులకు ఈ శిక్షణ యింకను కాలేదు. అటుపిమ్మట ఓడ కదలకమున్నే, లేదా కదలిన వెంటనే శిక్షణ జరుగవలెనని నియమము దిద్దిరి. ఎదిగిన బిడ్డలు ఇట్టి వానిని తేలికగా చూతురు. మేము మామ్మను ఆ చోటికి చేర్చు బాధ్యత కుమారున కప్పగించితిమి. వాడు మెట్లు లెక్కపెట్టుకొని వచ్చెను.

మొదటి రాత్రి సముద్రము ఊపెను. అల్లపుముక్కతో అత్తగారు తట్టుకొనిరి. తట్టుకొనలేనిది మా అమ్మాయి. మఱునాటి సాయంకాలమునకు సర్దుకొనెను.

మూడవనాడు జూనో చేరితిమి. అది అలాస్కా రాజధాని యైనను దానికి వెలుపలనుండి బాట లేదు. నీటిపైనో గాలిలోనో రావలసినదే. అచ్చట చిన్న పడవ యెక్కి తిమింగిలములను చూచుట కుమార్తె యేర్పాటు. ఇవి చలికాలమున హవాయి దీవుల వెచ్చని నీటికి పోయి పిల్లలను కనును. అచ్చట తల్లికి తిండి దాదాపుగా లేదు. నెలల తరబడి ఒడలి క్రొవ్వు కరగించుకొనుచు బిడ్డకు పాలిచ్చి, వేసవికి దానిని వెంటబెట్టుకొని యిచ్చటికి వచ్చి కడుపార తినును. ఈ సంగతి విని మా అత్తగారు, “పురిటికొక చోటు, తిండికొక చోటు! పాపము, దానికి పథ్యము పెట్టువారెవరు?” అనిరి. పడవలోని తెలుగు రానివారికి మా అమ్మాయి ఈ మాటను ఇంగ్లీషులో చెప్పి నవ్వించెను.

నాలుగవనాడు స్కాగ్వే. 1896 లో క్లొండైకు ప్రాంతమున బంగారము దొరకెనని విని వేలకొలది జనులు ఈ రేవున దిగి కొండలెక్కిరి. ఆకలిచావులకు వెఱచి, ఏడాదికి సరిపడు దినుసులు లేనివారిని కెనడా పోలీసులు సరిహద్దు దాటనీయరైరి. సామానుతో కూడ తలకు సుమారు ఒక టన్ను బరువు! ఆ దారినే 1898 లో మొదలై 1900 లో పూర్తియైన సన్నపట్టాల రైలు, 20 మైళ్లలో 2,800 అడుగులకు పైగా కొండ నెక్కును. ఈ రైలు మా కుమారుని కోరిక. ఆ టన్ను సామానులో పప్పెంత, పిండియెంత యని అత్తగారు ప్రశ్నింపగా, వాడు వెదకి చెప్పుచుండెను.

ఐదవనాడు గ్లేషియర్ బే. ఓడలు నిలుచు పట్టణము కాదిది; కొండల నడుమకు చొచ్చుకొనిపోయిన సముద్రపు పాయ. దినమునకు రెండు పెద్ద యోడలను మాత్రమే రానిత్తురు. ఉదయమున ఉద్యానపు అధికారులు చిన్న పడవలో వచ్చి మా యోడ యెక్కి, అచ్చటి చరిత్రను చెప్పిరి. 1794 లో ఆంగ్ల నావికులు వచ్చినపుడు ఈ పాయ ముఖద్వారమునే మంచుగోడ మూసియుండెను. 1916 నాటికి ఆ మంచు సుమారు 65 మైళ్లు వెనుకకు పోయెను.

కుమారుడు తెల్లవారకముందే లేచి, మామ్మకు రెండు కంబళ్లు కప్పి పైతట్టునకు తీసికొనిపోయెను. అధికారి మాటలను వాడు తనకు వచ్చిన కొద్దిపాటి తెలుగున ఆమెకు చెప్పుచుండగా, మేము వెనుక బల్లపై కూర్చుండి వింటిమి. గ్లేషియరునకు వానికి తెలుగుమాట తెలియదు. “మంచే, కాని కదలుతుంది, నదిలాగ” అనెను. “అయితే మంచుటేఱు” అనిరి అత్తగారు. అటుపై వాడును ఆ మాటనే వాడెను. ఈ ప్రాంతము హూనా ట్లింగిట్ అను జాతివారి పుట్టినిల్లు. పదునెనిమిదవ శతాబ్దమున మంచు ముందుకు పొర్లివచ్చి వారి గ్రామమును త్రోసివేసెను. అందఱు పడవలెక్కి పోగా, ఒక స్త్రీ మాత్రము ఇల్లు విడువక నిలిచెనని వారి కథ. 2016 లో వారి పూర్వుల పేర నొక గృహము మరల ఆ యొడ్డున వెలసినది.

కథ విని అత్తగారు కొంతసేపు మాటలాడలేదు. పిదప 1986 ఆగస్టు గోదావరి వరదలో తమ యూరు విడిచిన రాత్రిని వానికి చెప్పిరి: నాటుపడవలో దూడను ముందెక్కించిరట, ఆమె అత్తగారు తులసికోట కడ నిలిచి రానని పట్టుపట్టగా, ఎత్తుకొని తేవలసివచ్చినదట. ఈ సంగతి మేమే యెన్నడు వినియుండలేదు. ఇంతలో దూరమున మంచుగోడనుండి యొక పెల్ల విఱిగి నీటబడెను. కంటికి కనబడిన కొన్ని క్షణములకు గాని ఉఱుమువంటి ఆ చప్పుడు మా చెవికి చేరలేదు. వాని చేతిలో సెల్‌ఫోను లేదు. మామ్మ చేయి యుండెను.

ఆఱవనాడు కెచికాన్. ఏటికి సుమారు 140 అంగుళముల వాన కురియు నూరు, గొడుగు మఱువరాదు. కాకి, గ్రద్ద మొదలగు రూపములు చెక్కిన నిలువెత్తు స్తంభములు వాడవాడలను కలవు. ట్లింగిట్ వారిలో వంశము తల్లినిబట్టి వచ్చును. బిడ్డలు తల్లి తెగకు చెందుదురు. మా అమ్మాయి దీనిని విని, తన గోత్రమును మార్చుకొందునని మామ్మతో వాదమునకు దిగెను. ఆ వాదము విక్టోరియా దీపముల నడుమను సాగి, సియాటిల్ చేరువఱకును తెగలేదు.

ఇట్టి యాత్ర తలపెట్టు సోదరీమణులకు మా మనవి యొకటే. వీసాలను అన్నిటికంటె ముందు చూచికొనుడు. పెద్దలకు ఓడ నడుమ గదిని తీసికొనుడు. నియమములు కొన్నియే పెట్టుడు, పెట్టినవానిని సడలింపకుడు. బిడ్డలకు వేడుక చూపుటతో తృప్తినొందక, యాత్రలో మోయదగిన బరువొకటి వారి చేతికిండు. వీలైనచో ఇంటి పెద్దలలో నొకరిని వెంటబెట్టుకొని పొండు. తల్లిదండ్రులు అడిగినచో చెప్పని మాటలు ఆ యీడు బిడ్డలు మామ్మకు చెప్పుదురు. మనకు చెప్పని మాటలు ఆమెయు వారికి చెప్పును.