జంబీల్ సంచి

చిన్ననాట మా తాతగారు రాత్రివేళ ఉర్దూలో అమీర్ హంజా దాస్తాన్ వినిపించేవారు. పగలు మేము మధిర సుబ్బన్న దీక్షితులవారి కాశీమజిలీ కథలు చదివేవారము. అమర్ అయ్యార్ జంబీల్ సంచిలో ఎంత వస్తువైనా ఇమిడేది. మణిసిద్ధుడు గోపకుడు చూచిన ప్రతి వింతకూ మజిలీలో ఒక కథ చెప్పేవాడు. ఆ రెండు లోకాలూ మావే అనుకొన్నాము.

తాతగారు గతించిన పిమ్మట వారి పెట్టెలో ఒక పాత గ్రంథం కనిపించింది. అది హంజా దాస్తాన్‌లోని ‘తిలిస్మె హోష్‌రుబా’ అని, 1883 నుండి లక్నోలోని నవల్ కిషోర్ ముద్రణాలయం దానిని సంపుటాలుగా వెలువరించిందని పెద్దలు చెప్పారు. చెవులకు పరిచితమైన కథే. కన్నులకు ఒక్క అక్షరమూ తెలియలేదు. జంబీల్ చేతిలో ఉండి కూడా మూతి విప్పలేకపోయాము.

ఆ సిగ్గుతోనే కళాశాలలో ఉర్దూ లిపి నేర్చుకొన్నాము. మిత్రులారా, నిన్న కుడినుండి ఎడమకు వ్రేలు నడుపుతూ తొలిపుట ముగించాము. తాతగారి కంఠస్వరం మరల వినవచ్చినట్లయింది.