మా జిల్లాకి ఒక బార్సిలోనా అమ్మాయి

స్పెయిన్‌లో ఎవరినైనా ఆపి ఆంధ్రప్రదేశ్ తెలుసా అని అడిగితే తల అడ్డంగా ఊపుతారు. హైదరాబాద్ అంటే పాకిస్తాన్‌లోదా అని నన్నడిగినవాళ్ళు కూడా ఉన్నారు. కానీ అనంతపురం అని చెప్పి చూడండి, "ఓ, విసెంతె ఫెర్రేర్!" అంటారు చాలామంది. మా జిల్లా పేరు చెబితే గౌరవం దొరికే దేశం ప్రపంచంలో ఇదొక్కటేనేమో :-)

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మేం ఫాదర్ ఫెర్రర్ అని పిలుచుకునే ఆయన 1920లో బార్సిలోనాలో పుట్టారు. 1952లో జెసూట్ మిషనరీగా మనదేశం వచ్చారు. మహారాష్ట్రలో మన్మాడ్ వైపు పేద రైతులతో పనిచేస్తుంటే అక్కడి పెద్దలకి కంటగింపయింది, 1968లో దేశం వదిలి వెళ్ళాల్సొచ్చింది. 1969లో తిరిగొచ్చి, ఏరికోరి అనంతపురంలో దిగారు. ఏడాదికి యాభై ఐదు సెంటీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే చోటు అది. తర్వాత మతసంఘం నుంచి బయటికొచ్చేసి పెళ్ళి చేసుకున్నారు. భార్యాభర్తలిద్దరూ కలిసి నిలబెట్టిందే ఆర్‌డీటీ. 2009లో అనంతపురంలోనే పోయారు, సమాధి బత్తలపల్లిలో ఉంది. 2025లో ఆర్‌డీటీ విదేశీ నిధుల లైసెన్సు రెన్యువల్ కోసం జిల్లా జనం రోడ్లమీదికొచ్చారంటే ఆ సంస్థ అక్కడేమిటో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు అసలు విషయం. మా టీంలో టెస్టింగ్ చూసే అమ్మాయి ఈ ఆగస్టులో అనంతపురం వెళ్తోంది. ఆర్‌డీటీకి కాదు, కళ్యాణదుర్గం వైపు సాయంత్రం బడి నడిపే ఒక చిన్న సంస్థకి. సంవత్సరానికొచ్చే సెలవు మొత్తం, అంటే నెల రోజులూ దానికే. టికెట్ డబ్బులు కూడా తనవే. నేను అక్కడివాణ్ణని తెలిసినప్పట్నుంచీ రోజూ లంచ్ టైములో నాకు ఇంటర్వ్యూ.

మొదట్లో ప్రశ్నలన్నీ తేలికవే. టైఫాయిడ్, హెపటైటిస్ టీకాలు సరే, కుక్కకాటు టీకా కూడా వేయించుకోమన్నాను. ఆమె నవ్వింది గానీ మన వీధులు నాకు తెలుసు కదా. బెంగుళూరులో దిగితే రోడ్డు మీద రెండొందల కిలోమీటర్ల లోపే అనంతపురం. తిండి సంగతికొస్తే ఉగ్గాని, బజ్జీ, సంగటి, ఊరిబిండి... వీటి మీద ఒక గంట క్లాసు పీకాను. నేర్పిన మొట్టమొదటి తెలుగు మాట 'చాలు'. మా అమ్మలాంటి వాళ్ళు వడ్డిస్తుంటే ప్రాణాలు కాపాడేది ఆ మాటే. రెండోది 'అక్కా', మూడోది 'అన్నా'. పేరు పెట్టి పిలవడమే మర్యాద అనుకునే ఊరి పిల్లకి ఇది అర్థం కావడానికి రెండ్రోజులు పట్టింది.

వీసా దగ్గర మాత్రం కాస్త జాగ్రత్తగా చదవాల్సొచ్చింది. జీతం, ప్రతిఫలం ఏదీ లేకుండా, ఒక నెల మించకుండా అయితే టూరిస్టు వీసా మీదే వలంటీర్ పని చెయ్యొచ్చు. అంతకు మించితే ఎంప్లాయ్‌మెంట్ వీసా కావాలి. "ఆ పిల్లని మనింట్లో రెండ్రోజులు ఉండమను నాయనా" అని మా అమ్మ ముచ్చటపడింది. విదేశీయుల్ని ఇంట్లో పెట్టుకుంటే 24 గంటల్లో ఫారం నింపాలమ్మా అంటే, "అన్నం పెట్టేదానికి కూడా ఫారమా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

అసలు చిక్కు డబ్బు దగ్గరొచ్చింది. ఈమె వెళ్తోందని తెలిసి ఆఫీసులో అందరూ తలా ఇంత వేసి 640 యూరోలు పోగుచేశారు. ఆ చిన్న సంస్థకి ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ లేదు. కాబట్టి విదేశీయుల డబ్బు ఒక్క రూపాయి కూడా తీసుకోకూడదు. చేతికిచ్చినా, రూపాయల్లోకి మార్చి ఇచ్చినా అంతే. "నీ అకౌంట్లో వేస్తాం, నువ్వు పంపు" అన్నారు. అది కూడా కుదరదు, ఎవరి చేతి మీదుగా వెళ్ళినా ఆ డబ్బు విదేశీయులదే కదా. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా ఇస్తే మాత్రం అది విదేశీ విరాళం కిందికి రాదు. పౌరసత్వం మార్చుకుని ఓసీఐ కార్డు తీసుకున్నవాళ్ళదైతే వస్తుంది. మనలో చాలామందికి ఈ తేడా తెలీదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా. చివరికి ఆ 640 యూరోలు బార్సిలోనాలోనే ఉన్న ఫెర్రర్ ఫౌండేషన్‌కి వెళ్ళాయి. బడికి కావలసిన యూపీఎస్ బ్యాటరీలు నా జీతంలోంచి నేను కొనిపెట్టాను.

ఇక్కడి తెలుగు మిత్రుడొకాయన ఈ కథంతా విని, "ఆ అమ్మాయి నెల రోజులు పోయి ఏం పొడుస్తుంది? మన దగ్గర ఇంజనీర్లు లేరా?" అన్నాడు. కొట్టిపారేసే ప్రశ్న కాదిది. మా ఊళ్ళో ఇంజనీరింగ్ చదివి ఖాళీగా ఉన్న కుర్రాళ్ళు నాకే పదిమంది తెలుసు. ఆమె వెళ్ళి సున్నం వేస్తాననో, ఇంగ్లీషు పాటలు నేర్పుతాననో అంటే నేనే వద్దనేవాణ్ణి.

ఆమె అనుకున్నది హాజరు వేసుకునే యాప్ ఒకటి రాసివ్వాలని. ముందు వాళ్ళనడుగుదాం అని సంస్థ నడిపే టీచరమ్మకి ఫోన్ కలిపాను. ఆవిడ మొహమాటం లేకుండా చెప్పేసింది. "యాప్ వద్దు సార్. మాకు పదేండ్ల పిల్లోళ్ళ రికార్డులుండాయి. కొన్ని ఎక్సెల్‌లో, కొన్ని అను ఫాంట్లలో. ఏ పిల్లోడు యాడ బడి మానేసినాడో ఎతుక్కోవాలంటే రోజు పడుతుంది."

అను ఫాంట్లతో డీటీపీ చేసినవాళ్ళకి ఈ బాధ అర్థమవుతుంది. ఫాంటు లేని మెషీన్లో తెరిస్తే తెలుగంతా పిచ్చి గీతలే. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లున్నాయి గానీ వత్తుల దగ్గర తడబడతాయి. ఒకే పిల్లవాడి పేరు మూడు రకాలుగా వస్తుంది. ఆమెకి తెలుగు రాదు, కానీ తప్పుల్ని పట్టుకోవడం ఆమె వృత్తి. కన్వర్టర్ ఎక్కడెక్కడ తప్పుతోందో పట్టిక వేసే పని ఆమెది, సరైన తెలుగు ఏదో చెప్పే పని నాది. మే నెల నుంచే శాంపిల్ ఫైళ్ళ మీద మొదలుపెట్టాం. పిల్లల పేర్లు తీసేసి పంపమని అడిగింది కూడా ఆమే. క్లయింటుని అడక్కుండా కట్టిన సాఫ్ట్‌వేర్ ఏ మూలన పడుంటుందో మనకి ఒకరు చెప్పాలా?

ఇంకో సంగతి. స్పెయిన్‌లో పిల్లలతో పనిచేసేవాళ్ళెవరైనా, వలంటీర్లతో సహా, లైంగిక నేరాల రిజిస్టర్లో తమ పేరు లేదని ప్రభుత్వం నుంచి సర్టిఫికెట్ తేవాలి. టీచరమ్మ అడక్కుండానే ఆమె అది తెచ్చి పంపింది. పిల్లల మొహాలు కనపడే ఫోటోలు ఎక్కడా పెట్టనని కూడా రాసిచ్చింది.

నాకు మన హైదరాబాద్, బెంగుళూరు ఆఫీసులు గుర్తొచ్చాయి. పుట్టినరోజని కేకు పట్టుకుని అనాథాశ్రమానికి వెళ్తాం. టీం మొత్తం లోపలికి పోతాం, గేటు దగ్గర మన పేర్లు కూడా ఎవరూ అడగరు. ఒక్కో పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఫోటో, సాయంత్రానికల్లా ఫేస్‌బుక్‌లో. మన మంచి మనసుని నేను అనుమానించట్లేదు. కానీ మన పిల్లల స్కూల్లోకి ఎవరో ఇరవైమంది ఇలా వచ్చి ఫోటోలు తీసుకుంటే ఊరుకుంటామా? 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం సంరక్షణలో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టడమే నేరం. చట్టం సంగతి పక్కనపెట్టండి, ఆ పిల్లకి పదేళ్ళ తర్వాత ఆ ఫోటో కనిపిస్తే ఎలా ఉంటుంది?

నా మిత్రుడి ప్రశ్నకి నా జవాబు ఇది. ఎవరు వెళ్తున్నారన్నది కాదు, వాళ్ళు వెనక్కొచ్చాక అక్కడ ఏం మిగులుతుందన్నదే లెక్క. అందుకే చివరి వారం కొత్త పనేదీ పెట్టుకోకూడదని ప్లాన్లో రాసుకున్నాం. ఆ వారమంతా కేటీ మాత్రమే. ఆ ఊళ్ళోనే డిగ్రీ చదువుతున్న ఇద్దరమ్మాయిలకి నేర్పాలి, స్టెప్పులన్నీ తెలుగులో రాసి గోడకి అంటించాలి.

మొన్న టీచరమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. "అంతా బాగుంది సార్, ఆ పాప పొయ్యినాంక ఏమన్నా ఆగిపోతే ఎవుర్ని అడగాల?"

ప్రొడక్షన్ సపోర్ట్ ఎవరిదని అడుగుతోందన్నమాట! నన్నే అడగమ్మా అన్నాను. ఆదివారం పొద్దున ఇక్కడ తొమ్మిదంటే వేసవిలో అక్కడ పన్నెండున్నర. వారానికి ఒక గంట, ఏడాది పాటు. విమానం ఎక్కనక్కర్లేదు, వీసా అక్కర్లేదు, మన భాష మనకి వచ్చు.

మీ ఊరి పక్కన కూడా ఇలాంటి చిన్న సంస్థ ఒకటి ఉండే ఉంటుంది. డబ్బు పంపేముందు, యాప్ రాసేముందు, ఒక్క ఫోన్ చేసి మీకేం కావాలని అడిగి చూడండి. జవాబు మీరనుకున్నది కాకపోవచ్చు.