రెండు పాయల నడుమ ఒక దీవి

ధవళేశ్వరం దిగువన గోదావరి రెండుగా చీలుతుంది. తూర్పు పాయ గౌతమి, పడమటి పాయ వశిష్ఠ. ఈ రెండింటి నడుమ సముద్రం వరకు పరచుకున్న పచ్చని త్రికోణమే కోనసీమ. కొంత దూరం సాగిన తరువాత వశిష్ఠ నుంచి వైనతేయ అనే మరో పాయ విడివడుతుంది. వశిష్ఠ, వైనతేయ, బంగాళాఖాతం చుట్టుముట్టిన రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి, మామిడికుదురు ప్రాంతం నిజానికి ఒక దీవి. ఆనకట్ట కట్టిన కాలపు ఇంజనీర్లు దీనిని నాగరం దీవి అని వ్యవహరించారు. వంతెనలు వచ్చిన తరువాత ఆ సంగతి చాలామంది మరచిపోయారు. కాలినడకన తిరిగితే అది మరల గుర్తుకు వస్తుంది.

మదరసాకు శుక్రవారం సెలవు, పిల్లల బడికి ఆదివారం సెలవు. అందువల్ల చలికాలంలో వీలు చూసుకొని, ఏదో ఒక ఆదివారం పాఠాలను సర్దుబాటు చేసుకొని మేము కుటుంబసమేతంగా ఈ దీవికి వెళ్తూ ఉంటాము. నరసాపురం చేరి, మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కి, వశిష్ఠను దాటి సఖినేటిపల్లిలో దిగుతాము. పంటు మీద మోటారు సైకిళ్ళు, ఆటోలు, కూరగాయల బుట్టలు, పెళ్ళివారు అందరూ ఒకే చోట నిలబడతారు. అవతలి గట్టుకు చేరేలోగా ఎవరు ఏ ఊరివారో ఒకరికొకరు చెప్పుకోవడం పూర్తవుతుంది.

అక్కడి నుంచి కాలువ గట్టు వెంట నడక. ఒక ప్రక్క నీరు, మరో ప్రక్క కొబ్బరితోటలు, వాటి వెనుక వరిచేలు. ఈ కాలువ నీటికి ఒక చరిత్ర ఉన్నది. సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్టను 1847లో ప్రారంభించగా 1852లో పూర్తయింది. అయితే మధ్యలో వైనతేయ అడ్డుగా ఉండడంతో ఈ దీవికి ఆ నీరు చేరే మార్గం లేకపోయింది. అందుకని గన్నవరం వద్ద నదిపై 49 కమానులతో అక్విడెక్టు కట్టి, నది మీదుగా కాలువను దాటించారు. నది క్రింద, కాలువ పైన!

“అబ్బా, చుట్టూ నదే ఉన్నప్పుడు నీళ్ళు అంత దూరం నుంచి తేవడం ఎందుకు?” అని మా చిన్నమ్మాయి అడిగింది. సముద్రం దగ్గరపడిన కొద్దీ పాయలలోనికి పోటుతో ఉప్పు నీరు ఎగదన్నుతుంది, వేసవిలో అది మరింత పైకి వస్తుంది. అది పైరుకూ, దాహానికీ పనికిరాదు. ఈ సంగతి చెప్పి కాలువ నీరు దోసిట పట్టి చూపించాము. చుట్టూ నీరున్నంత మాత్రాన దప్పిక తీరదని ఆనాడు ఆమెకు అర్థమైంది.

ఒక తోట గట్టున వృద్ధ రైతు ఒకాయన మమ్మల్ని ఆపి, “ఎండెక్కింది, కూర్చోండి సాయిబుగారూ” అంటూ బొండాలు కొట్టించి ఇచ్చారు. మాటల్లో 1996 తుపాను ప్రస్తావన వచ్చింది. ఆ ఏడాది నవంబరు 6 రాత్రి కోనసీమను అతలాకుతలం చేసిన ఆ తుపానులో వేయిమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. తోటలకు తోటలే నేలకొరిగాయి. “కూలిన చెట్లు తీయించి, ఆ గోతుల్లోనే మళ్ళీ మొక్కలు పెట్టామండి. కాపుకొచ్చేసరికి ఏళ్ళు పట్టిందండి” అన్నారాయన. నాటిన చెట్టు ఫలాన్ని మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా అది నాటినవానికి దానంగా వ్రాయబడుతుందని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. మేము త్రాగిన ఆ బొండం నీరు కూడా ఆయన ఖాతాలో చేరాలని దుఆ చేశాము.

దక్షిణపు కొనన అంతర్వేది ఉన్నది. నరసింహస్వామి ఆలయానికి, మాఘమాసపు తీర్థానికి పేరుగన్న ఊరు. ఊరు దాటితే సరుగుడు తోటలు, దీపస్తంభం, తరువాత వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు. అక్కడి ఇసుక దిబ్బను స్థానికులు అన్నాచెల్లెళ్ళ గట్టు అంటారు. ఒక ప్రక్క నది, మరో ప్రక్క సముద్రం. రెండు నీళ్ళ రంగులు వేర్వేరుగా కనిపిస్తాయి. తీపి నీటిని, ఉప్పు నీటిని గురించి దివ్య ఖుర్‌ఆన్ చేసే ప్రస్తావనను తరగతి గదిలో ఎన్నోసార్లు వివరించాము. ఇక్కడ మాత్రం వివరణ అవసరం లేకపోయింది. సముద్రపు నీటితో వుజూ చేయవచ్చునా అని పిల్లలు అడిగారు. అది పరిశుద్ధమైనదని దైవప్రవక్త (స) బోధించిన సంగతి చెప్పి, ఆ నీటితోనే వుజూ చేసి, ఇసుక మీద అస్ర్ నమాజు చేశాము.

అయితే ఈ తీరం నిశ్చలంగా లేదు. నది వేల ఏళ్ళుగా తెచ్చి పోసిన ఒండ్రుతోనే ఈ దీవి ఏర్పడింది. ఎగువన జలాశయాలు ఆ ఒండ్రును ఆపివేస్తూ ఉండగా, ఇక్కడ సముద్రం తీరాన్ని కోస్తున్నది. మురుగు కాలువల ద్వారా ఉప్పు నీరు ఎగదన్ని కొన్నిచోట్ల కొబ్బరిచెట్లు తలలు వాలుస్తున్నాయి. మరోవైపు ఊళ్ళలోని యువకులు, స్త్రీలు కూడా బ్రతుకుతెరువు కోసం కువైట్, దుబాయి, మస్కట్ బాట పడుతున్నారు. మన కుటుంబాలలోనూ వలస వెళ్ళనివారు అరుదు. రేపు మన పిల్లలూ వెళ్ళవచ్చు. తాము విడిచి వెళ్తున్న నేల ఎటువంటిదో వారు కాళ్ళతో నడిచి తెలుసుకొని వెళ్ళడం మేలు.

వెళ్ళదలచిన వారు నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు గల రోజులను ఎంచుకోండి. తుపాను హెచ్చరిక ఉంటే ప్రయాణం మానుకోండి. నదీముఖం వద్ద ప్రవాహం మోసకరం, పిల్లలను నీటిలో దింపకండి. జనవరి తరువాత తాబేళ్ళు గ్రుడ్లు పెట్టడానికి తీరానికి వస్తాయి, రాత్రివేళ వాటిపై టార్చి వేయకండి. తెచ్చిన ప్లాస్టిక్‌ను తిరిగి తీసుకువెళ్ళండి.

ఇంటికి వచ్చాక పిల్లల చేత దీవి పటం గీయించండి. తీపి నీరు ఎటునుంచి వస్తుందో, ఉప్పు నీరు ఎటునుంచి వస్తుందో గుర్తించమనండి. ఆ కాగితాన్ని భద్రపరచి, పదేళ్ళ తరువాత ఇన్షా అల్లాహ్ అదే తీరంలో నడిచి మరొకటి గీయించండి. రెండింటిలోనూ తీరరేఖ ఒకేచోట ఉన్నదో లేదో వారే చూసుకుంటారు.