ఐదు వైర్లు, ఒక రేడియో

మా నాన్నగారి అంబాసిడర్ 1974 మోడల్, మార్క్ 2. నాకంటే ఇరవై ఏళ్లకు పైగా పెద్దది. ఇంట్లో దాని మాటకున్న విలువ కూడా నా మాటకంటే ఎక్కువేనని నా అనుమానం :)

మొన్న డిసెంబర్లో అమ్మని కళ్ల పరీక్షకి నరసరావుపేట తీసుకెళ్తుంటే, పొద్దున్నే మంచులో మిస్సింగ్ కొట్టీ కొట్టీ దారిలో ఆగిపోయింది. వాళ్లు ఆటోలో వెళ్లి తిరిగొచ్చేసరికి ఎండెక్కింది. ఏమీ జరగనట్టు ఒక్క సెల్ఫ్‌కే స్టార్టయిందట. కారు చల్లబడింది గానీ అమ్మ చల్లబడలేదు. "సంక్రాంతికల్లా బాగవకపోతే పాత ఇనుము కింద ఇచ్చేయండి" అంది. నాన్న నాకు ఫోన్ చేసి "నువ్వు ఇంజనీరువి గదరా, ఏందో చూడు" అన్నారు. నేను చదివింది కంప్యూటర్ సైన్సు నాన్నా అంటే ఆయన దగ్గర చెల్లదు.

శనివారం ఊరెళ్లి మల్టీమీటర్‌తో కాయిల్ వైరు, నాలుగు ప్లగ్ వైర్లు చూశాను. అన్నీ దాదాపు సున్నా ఓమ్లు. అంటే బ్రహ్మాండంగా ఉన్నట్టే! రాత్రి లైట్లన్నీ ఆర్పేసి, బోనెట్ ఎత్తి, ఇంజన్ నడుస్తుండగా దూరం నుంచి కాసిని నీళ్లు చిలకరించాను. అంతే... వైర్ల మీదా, డిస్ట్రిబ్యూటర్ మూత మీదా సన్నగా నీలం మెరుపులు. పిడుగురాళ్ల పేరు నిలబెట్టింది మా కారు.

సంగతేంటంటే మల్టీమీటర్ పరీక్షించేది లోపలి తీగని, అదీ తన చిన్న బ్యాటరీ వోల్టేజితో. ఆ తీగలో వెళ్లేది వేల వోల్టులు. పైనున్న రబ్బరు వేడికి ఎండి పగిలిపోతే మీటర్‌కి కనిపించదు, కరెంటుకి కనిపిస్తుంది. యూనిట్ టెస్టులన్నీ పాసై ప్రొడక్షన్లో కూలిపోయే కోడ్ లాగన్నమాట. దానికి తోడు మా ఊరి సున్నం. బట్టీల నుంచి వచ్చే ఆ తెల్లటి దుమ్ము పొడిగా ఉన్నంతసేపూ పర్లేదు, మంచుకి తడిస్తే కరెంటు పాకడానికి దారి దొరికినట్టే. ఎండెక్కగానే కారు బాగైపోవడం వెనకున్న మాయ ఇదే.

సరే, వైర్లు మార్చాలి. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది, కాబట్టి కంపెనీ షోరూంకెళ్లి తెచ్చుకునే వీల్లేదు. నేను వెంటనే ఆన్‌లైన్లో 8.5 మిల్లీమీటర్ల సిలికాన్ సెట్ ఆర్డరిచ్చేశా. ఎర్ర రంగు, "ఎక్కువ పవర్" అని పెట్టె మీద మెరుపు బొమ్మ. మెకానిక్ బాబాయ్ దాన్ని చూసి "ఏందబ్బాయ్ ఇది, కొండచిలవలాగుంది" అన్నాడు. మా కారు డిస్ట్రిబ్యూటర్ మూతలో వైరు దూర్చి, పక్కనుంచి స్క్రూ బిగించాలి. స్క్రూ మొన వైరు లోపలి రాగి పోగుల్లో గుచ్చుకుంటేనే కనెక్షన్. నేను తెచ్చిన వైరు ఆ రంధ్రంలో పట్టదు. పట్టినా లోపలున్నది కార్బన్ నార, స్క్రూ గుచ్చుకుంటే అక్కడే తెగుతుంది. కొనేముందు మూత ఒక్కసారి విప్పి చూడని నా తెలివికి ఏమనాలి?

పోనీ ఆ పవర్ సంగతైనా నిజమా అని లెక్కేశా. స్పార్క్‌లో పారే కరెంటు పదుల మిల్లీ ఆంపియర్లే. 50 అనుకుందాం. దారిలో 5 కిలో ఓమ్లు అడ్డం ఉన్నా పోయేది 250 వోల్టులు. ప్లగ్ సందు దాటడానికి పది వేల వోల్టులకి పైగా కావాల్సిన చోట అదో లెక్కా? పైగా నిప్పురవ్వ దూకేదాకా ఆ కరెంటే ఉండదు. వైరు రెసిస్టెన్సు తగ్గిస్తే బండి పరిగెత్తుతుందనేది అమ్మకాల కబురే.

చివరికి రాగి తీగ, పైన సిలికాన్ ఉన్న 7 మిల్లీమీటర్ల వైరు మీటర్ల లెక్కన తెచ్చి కొలత ప్రకారం కోశాం. పాతవన్నీ ఒకేసారి పీకేసిన ఘనత నాదే. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2 అని తెలిసీ రెండు వైర్లు తారుమారు చేశా. సైలెన్సర్ ఢామ్మంది, పక్కింటి కుక్క రెండ్రోజులు ఇటు రాలేదు.

బండి బాగైంది. కానీ నాన్న రేడియో పెట్టగానే బర్ర్‌ర్... పాత వైర్ల చివర రెసిస్టర్ ఉన్న టోపీలుండేవి, అవీ పగిలాయని పారేశాం. రాగి తీగ ప్రతి స్పార్క్‌నీ ప్రసారం చేసేస్తుంది. "రేడియో రాకపోతే ఈ కారెందుకురా" అన్నారు నాన్న. కొత్త మోజు పక్కనపెట్టి ఎన్‌జీకే ప్లగ్గుల్లో బీపీ6ఈఎస్ బదులు బీపీఆర్6ఈఎస్ తెచ్చా. ఆ "ఆర్" అంటే లోపల రెసిస్టర్, దాదాపు 5 కిలో ఓమ్లు. రేడియో నోరు విప్పింది.

50 ఏళ్లు దాటింది కదా, 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయిద్దామా అనడిగాను. అప్పుడు మామూలుగా రోజూ తిప్పడానికి వీల్లేదని తెలిసి నాన్న నావైపు చూసిన చూపు ఇక్కడ రాయలేను.

భోగి ముందురోజు మళ్లీ నరసరావుపేట ప్రయాణం. బాగా మంచు. ఒక్క సెల్ఫ్‌కే స్టార్టయింది, రేడియో కూడా మోగుతోంది. అమ్మ వెనక సీట్లో సర్దుకు కూర్చుంటూ అడిగింది: "ఆ ఆటో అబ్బాయి నంబరు ఫోన్లో ఉంది గదా?"