కోడె తల్లి పేరేమిటి?

పనీపాటా లేని కుర్రాణ్ణి 'అచ్చోసిన ఆంబోతు' అంటాం. పాపం, ఆ ఆంబోతు తిట్టించుకోవలసింది కాదు! పూర్వం పోయినవారి పేరిట మేలైన కోడెను ఎంచి, అచ్చువేసి, ఊరికి వదిలేవారు. ఊళ్ళో దూడల మేలు దాని మీదే ఆధారపడేది.

ఎటు చూసినా చేపల చెరువులే ఉన్న మా ఆకివీడులో పెదనాన్నగారు ఆమధ్య ఒంగోలు కోడెను తెచ్చారు. ఇంకా పాలపళ్ళే. అప్పుడే మూపురం చూడముచ్చటగా ఉంది. "పశుప్రదర్శనలో దీని తండ్రి ఫస్టు, తాతా ఫస్టే!" అంటూ వచ్చినవాళ్ళందరికీ వంశం ఏకరువు పెడుతున్నారు.

"మరి తల్లో?" అన్నాను.

"ఏదో ఆవే కదమ్మాయ్!" అని నవ్వేశారు.

అచ్చం పెళ్ళిచూపుల మాటలా లేదూ? దూడకొచ్చే గుణాల్లో సగం తల్లివి. పైగా కోడె పాలివ్వదు కదా! దాని తల్లీ, కూతుళ్ళూ ఇచ్చే పాలను బట్టే తెలిసినవాళ్ళు దాని పాడి విలువ కడతారు.

మన ఒంగోలు జాతి బ్రెజిల్ వెళ్ళి అక్కడ 'నెలోర్' అయింది. ఆ సంతతిలో వియాటినా-19 అనే పశువు విలువ 2023 వేలంలో నలభై లక్షల డాలర్లు దాటింది. అది కోడె కాదండోయ్, ఆవు!

కోడెకైనా, పెళ్ళికొడుక్కైనా ముత్తాత పేరు అడగ్గానే చెప్తారు. ఇంతకీ, మీ అమ్మమ్మగారి అమ్మ పేరు మీకు తెలుసా?